లేబర్ షెడ్ల పిల్లలు బడికి పోవాలంటే ముందు ఎవర్ని పట్టుకోవాలి? (బెంగళూరు, హూడి వైపు)

హూడి_వాసి:
అందరికీ నమస్తే. నేనుండేది హూడి దగ్గర. మా అపార్ట్‌మెంట్ గోడ అవతల పెద్ద ఖాళీ సైట్ ఒకటుంది, అందులో రేకుల షెడ్లు, నీలం పట్టాల గుడిసెలు కలిపి చాలానే ఉన్నాయి. సగం మంది మనవాళ్ళే, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికి, అంటే పనుల కోసం వలస వచ్చినవాళ్ళు, మిగతావాళ్ళు రాయచూరు, యాదగిరి. పొద్దున ఎనిమిదిన్నరకల్లా పెద్దవాళ్ళంతా కాంక్రీట్ పనికో కేబుల్ గుంతలు తవ్వడానికో వెళ్ళిపోతారు, కొంతమంది ఆడవాళ్ళు మా అపార్ట్‌మెంట్లలోనే ఇళ్ళ పనికి వస్తారు, ఇంక షెడ్ల దగ్గర మిగిలేది పిల్లలే. మా బాల్కనీలోంచి రోజూ ఒక పాపని చూస్తుంటాను, తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి, చంకలో తమ్ముడు, ఇంకో చేత్తో డ్రమ్ములోంచి నీళ్ళు ముంచి బియ్యం కడుగుతుంది, వాడు ఏడిస్తే గిన్నె కింద పెట్టి వాడిని ఊపుతుంది, మళ్ళీ గిన్నె తీసుకుంటుంది. ఆ వయసుకి అది బడిలో ఉండాల్సిన పిల్ల.

మేము ఏమీ చేయట్లేదని కాదు. చలికాలం దుప్పట్లు, దసరాకి బట్టలు, ఎవరి పుట్టినరోజైనా వస్తే బిర్యానీ ప్యాకెట్లు ఇస్తూనే ఉన్నాం. కానీ ఏళ్ళు గడుస్తున్నాయి, పిల్లలు మాత్రం అక్కడే ఉన్నారు. ఈసారి గట్టిగా ఏదైనా చేద్దామని మా వాట్సాప్ గ్రూపులో ఒక పది పన్నెండు మంది ముందుకొచ్చారు, ఇప్పుడు తలా ఒక మాట. ఒకరు మనమే ట్రస్టు పెడదాం అంటారు, ఒకరు పేరున్న ఎన్‌జీవోకి డబ్బులిచ్చేద్దాం అంటారు, ఇంకొకరు ఏరియా లీడర్‌ని కలవకుండా ఏ పనీ జరగదంటారు. దగ్గర్లోని గవర్నమెంట్ స్కూల్లో టీసీ లేకపోతే చేర్చుకోమన్నారని ఒక తల్లి చెప్పింది, అది నిజంగా రూలేనా? ఇలాంటి పని దగ్గరుండి చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఏది ముందు ఏది తర్వాత అనేది కొంచెం చెప్పండి ప్లీజ్.

ఆదోని_అక్క:
తమ్ముడూ, నాది ఆ వైపే, ఇక్కడ పనివాళ్ళ పసిపిల్లల్ని పగలంతా చూసుకునే క్రెష్‌లలో చాన్నాళ్ళు పనిచేశాను కాబట్టి చెప్తున్నా. ఎన్‌జీవో, లీడర్, ట్రస్టు ఇవన్నీ పక్కన పెట్టి ముందు షెడ్లలో ఉన్న ఆడవాళ్ళతో కూర్చోండి. ఆదివారం సాయంత్రం పోండి, అప్పటికి వారం బటవాడా అయిపోయి ఉంటుంది, సంత చేసుకుని వంట దగ్గర కూర్చుని ఉంటారు, ఆ టైంలోనే మనసు విప్పి మాట్లాడతారు. నలుగురైదుగురు కలిసి గుంపుగా పోవద్దు, ఇద్దరు చాలు, అందులో ఒక ఆడమనిషి కచ్చితంగా ఉండాలి.

ప్రతి షెడ్ల దగ్గరా ఒకామె ఉంటుంది. కాన్పు నొప్పులొస్తే ఆమెనే పిలుస్తారు, మొగుడు తాగొచ్చి కొడితే ఆమె గుడిసెలోకే పోతారు, చీటీ డబ్బులు ఆమె దగ్గరే దాస్తారు. ఆమెకి పదవి లేదు, ఫ్లెక్సీ మీద ఫొటో లేదు, కానీ అక్కడ నాయకురాలంటే ఆమే. ఆమె ఒప్పుకుంటే అందరూ పిల్లల్ని పంపుతారు, ఆమె పెదవి విరిస్తే మీరు ఎంత పెద్ద సంస్థని తీసుకొచ్చినా వారానికే ఖాళీ అయిపోతుంది. అలాంటామె ఎవరో తెలుసుకోండి ముందు. మేస్త్రీతో కూడా మాట్లాడాలి, అడ్వాన్స్ ఇచ్చి వాళ్ళని ఊరి నుంచి తెచ్చింది అతనే కాబట్టి అతనికి చెప్పకుండా చేస్తే అనుమానపడతాడు.

ఇంకో మాట. మీరు చెప్పిన ఆ పాప సంగతే తీసుకుందాం, ఆ పిల్ల బడికి పోకపోవడానికి కారణం బడి కాదు, చంకలో ఉన్న తమ్ముడు. వాడిని చూసుకునే చోటు లేకపోతే మీరు యూనిఫాం కుట్టించినా బ్యాగ్ కొనిచ్చినా ఆ పిల్ల ఇంటి దగ్గరే ఉంటుంది. నేను పనిచేసిన ప్రతి చోటా ఇదే చూశాను, క్రెష్ తెరిచిన తర్వాతే అక్కలు బడికి కదిలారు. పసిపిల్లలకి పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఒక గది, ఒక టీచరు, ఒక ఆయా, రెండు పూటలా వేడి తిండి, ఇంతే కావాల్సింది. అంగన్‌వాడీ దగ్గర్లో ఉంటే అందులో కూడా పేరు రాయించొచ్చు, బయటి రాష్ట్రం వాళ్ళని తీసుకోకూడదని ఏం లేదు, కాకపోతే అది కొన్ని గంటలే నడుస్తుంది, తల్లులు సాయంత్రం దాకా రారు కదా.

నిర్మాణ కార్మికుల కోసం వచ్చిన 1996 చట్టంలోనే 50 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట క్రెష్ పెట్టాలని రాసుండేది, చిన్న చిన్న కాంట్రాక్టర్ల దగ్గర ఆ లెక్క తేలదు, అందుకే సంస్థలు పూనుకోవాల్సి వచ్చింది. ఢిల్లీలో మొబైల్ క్రెషెస్ వాళ్ళు 1969 నుంచి కట్టడాల దగ్గరే ఈ పని చేస్తున్నారు, మన బెంగళూరులో సంపర్క్ అనే సంస్థ వలస పనివాళ్ళ పిల్లలకి క్రెష్‌లు నడుపుతుంది. ఇలాంటివాళ్ళకి మీరే ఫోన్ చేసి మా దగ్గర ఇంతమంది పిల్లలున్నారు, ఇంత వయసువాళ్ళు, ఒక గది మేము చూపిస్తాం అని చెప్పండి. చేతిలో పిల్లల లిస్టు ఉండాలి, అది లేకుండా అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

పాత_పంతులు:
నేను కర్ణాటకలోనే పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి, గవర్నమెంట్ స్కూల్లో టీచర్‌గా చేసి రిటైర్ అయ్యాను. టీసీ విషయం సూటిగా చెప్తాను. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 5 ప్రకారం టీసీ ఆలస్యమైందనో లేదనో చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. వయసు సర్టిఫికెట్ లేదని కూడా తిప్పి పంపకూడదు, అది సెక్షన్ 14లో ఉంది. అసలు బడి ముఖం చూడని పదేళ్ళ పిల్లని కూడా వయసుకి తగ్గ క్లాసులోనే కూర్చోబెట్టి విడిగా ట్రైనింగ్ ఇవ్వాలని సెక్షన్ 4 చెప్తుంది. హెడ్‌మిస్ట్రెస్ గారితో గొడవ పడకండి, పాపం ఆమెకి ఆన్‌లైన్ ఎంట్రీ దగ్గర ఇబ్బంది ఉంటుంది. పాత స్కూల్ వాళ్ళు విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లో పిల్లని వదిలితేగానీ కొత్త స్కూల్లో పేరు ఎక్కదు, ఆమె భయం అదే అయ్యుంటుంది. ఊళ్ళో హెడ్మాస్టర్‌కి ఫోన్ చేసి అది చేయించండి, చాలామంది ఒక్క ఫోన్‌కే చేస్తారు. ఇక్కడ మాత్రం కొన్ని బడులకి కలిపి ఉండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్, అంటే సీఆర్‌పీని కలవండి, క్లస్టర్‌కి ఒకరుంటారు, బడి బయట ఉన్న పిల్లల్ని వెతికి చేర్పించడం వాళ్ళ పనిలో భాగమే. అక్కడ పని కాకపోతే బ్లాక్ విద్యాధికారి (బీఈఓ) ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి, నోటిమాటగా వద్దు, అర్జీ ఇచ్చి సీల్ వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి.

అయితే చేర్పించే ముందు ఆ కుటుంబాలు ఇక్కడ ఎన్ని నెలలుంటాయో అడగండి, చాలామంది అడగరు ఇది. ఆదోని వైపు వాళ్ళు ఖరీఫ్ పంట అయ్యాక బయల్దేరి వానలు మొదలయ్యేసరికి విత్తనానికి వెనక్కి పోతారు. అంటే ఏడాది మధ్యలో వచ్చి ఏడాది మధ్యలో పోయే పిల్ల, రెండు చోట్లా హాజరు లేక రెండు చోట్లా పేరు పోతుంది. అలాంటివాళ్ళకి కర్నూలు జిల్లాలో సీజనల్ హాస్టళ్ళు నడిపారు, తల్లిదండ్రులు వలస పోయినా పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవడానికి. వాళ్ళ ఊళ్ళో అలాంటిది ఉందేమో హెడ్మాస్టర్‌నే అడగండి, అవ్వో తాతో ఊళ్ళో ఉంటే అది ఇక్కడి బడికన్నా మేలు కావచ్చు. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండిపోయినవాళ్ళని మాత్రం జంకు లేకుండా ఇక్కడే చేర్పించండి. కన్నడ రాదని తల్లులు భయపడతారు, పిల్లలకి మూణ్ణాలుగు నెలల్లో వచ్చేస్తుంది, రాయచూరు పిల్లలు పక్కనే ఉంటే ఇంకా తొందరగా వస్తుంది. మధ్యాహ్నం భోజనం అక్కడే పెడతారు, బెంగళూరు స్కూళ్ళలో చాలా వాటికి అక్షయపాత్ర వాళ్ళే పంపుతారు. వాళ్ళ పని 2000లో 5 స్కూళ్ళలో 1500 మంది పిల్లలతో మొదలైంది ఈ ఊళ్ళోనే. ఆ ఒక్క పూట తిండి కోసమైనా పిల్లలు బడికి వచ్చేవారు, నా కళ్ళతో చూశాను.

మారతహళ్ళి_మధ్యతరగతి:
ఏరియా లీడర్ గురించి నేను చెప్తా, ఎందుకంటే గ్రూపుల్లో దీని మీదే ఎక్కువ కొట్టుకుంటారు. మీ వార్డుకి కార్పొరేటర్ ఎవరని వెతుక్కోవద్దు, బెంగళూరు నగరపాలక సంస్థ (బీబీఎంపీ) పాత కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబర్‌లోనే అయిపోయింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎన్నికలే లేవు, 2025 సెప్టెంబర్‌లో బీబీఎంపీనే ఐదు కార్పొరేషన్లుగా చీల్చారు, మీ కేఆర్ పురం, మహదేవపుర తూర్పు కార్పొరేషన్‌లోకి వచ్చాయి. ఇన్నేళ్ళు ఆ ఖాళీని నింపింది ఎవరంటే ఇలాంటి ఏరియా లీడర్లే. షెడ్లకి ట్యాంకర్ తెప్పించేది, కరెంటు లైను ఇప్పించేది, అర్ధరాత్రి ఎవరికైనా బాగోకపోతే ఆటో పంపించేది అతనే, సైట్ ఓనర్ తరఫున నెలనెలా షెడ్డుకింత అని అద్దె వసూలు చేసేదీ అతనే. రెండూ నిజమే. మంచివాడా చెడ్డవాడా అని తీర్పు చెప్పడానికి మనం పోవట్లేదు కదా, పిల్లల పని కావాలి.

నా అభిప్రాయం, అతన్ని కలవండి కానీ అతని చేతిలో ఉన్నవి మాత్రమే అడగండి. గది కావాలి, రోజూ ఒక డ్రమ్ము మంచినీళ్ళు అదనంగా కావాలి, రాత్రి ఆడవాళ్ళు టాయిలెట్‌కి పోయే దారిలో లైటు కావాలి. ఇవి అతను ఒక్క ఫోన్‌తో చేయగలడు. ప్రారంభానికి పిలిచి శాలువా కప్పితే తప్పేం లేదు, చేసినవాడికి మర్యాద చేయాలి. కానీ పిల్లల ఫొటోలు ఫ్లెక్సీ మీద వేస్తానంటే మాత్రం ఒప్పుకోవద్దు, అతనికే కాదు, సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక సేవ) పేరుతో శనివారం వచ్చి గోడకి రంగులేసి సెల్ఫీలు దిగి పోయే కంపెనీ వాళ్ళకి కూడా.

అతన్ని పూర్తిగా పక్కన పెట్టొద్దని ఎందుకంటున్నానంటే, ఈ షెడ్లు ఏ రోజుంటాయో ఏ రోజు పోతాయో ఎవరికీ తెలియదు. 2020 జనవరిలో బెళ్ళందూరు దగ్గర కరియమ్మన అగ్రహారలో గుడిసెలు కూల్చేశారు గుర్తుందా, అక్కడున్నవాళ్ళు బంగ్లాదేశీయులని ముద్ర వేశారు, తీరా చూస్తే మన దేశంలోని వేరే వేరే చోట్ల నుంచి, ఉత్తర కర్ణాటక నుంచి కూడా వచ్చిన కూలీలున్నారు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ హైకోర్టుకి పోయింది, కోర్టు ఆ కూల్చివేతని తప్పుబట్టింది. కోర్టు దాకా పోయింది కాబట్టి తెలిసింది, పోనివి ఎన్నో. అలాంటి మాట బయటికి పొక్కగానే మీకు ముందుగా చెప్పగలిగేది లీడరే, అప్పుడు ఆ కుటుంబాల చేతిలో ఆధార్, పిల్లల స్కూల్ కాగితం, పని చేస్తున్నట్టు రాత ఉంటే అదే వాళ్ళకి రక్ష.

హూడి_వాసి:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. అక్కా, మీరు చెప్పినట్టే నేనూ మా ఆవిడా ఆదివారం వెళ్ళొచ్చాం. మీరన్నామె నిజంగానే ఉంది, అందరూ పెద్దమ్మ అంటున్నారు. ఆవిడ మొదట మమ్మల్ని బాగా అడిగింది, మీరెవరు, ఏ కంపెనీ, ఎందుకొచ్చారు అని. తర్వాత ఆవిడే నలుగురు తల్లుల్ని పిలిచి కూర్చోబెట్టింది. బడి గురించి మేము ఎత్తేలోపే వాళ్ళు రెండు చెప్పారు, ఒకటి పసివాళ్ళని ఎక్కడ పెట్టాలి, రెండు ఇక్కడ రేషన్ బియ్యం దొరకట్లేదు, కొనుక్కుంటున్నాం అని. రేషన్ సంగతి మాకు తోచనే లేదు, దానికి దారి ఉందా? ఇంకోటి, ట్రస్టు పెడదామన్నవాళ్ళు ఇంకా పట్టు వదలట్లేదు, దాని మీద కూడా ఎవరైనా చెప్పండి.

చెరువుగట్టు:
ట్రస్టు గురించి నేను. ఈ ఊళ్ళో మామూలు జనం పెట్టిన సంస్థలు గొప్ప పనులు చేశాయి, కాదనను. మా జేపీ నగర్ వైపు పుట్టేనహళ్ళి చెరువు ఎండిపోయి చెత్తకుప్పలా ఉంటే చుట్టుపక్కల వాళ్ళు 2010లో ట్రస్టు పెట్టుకుని, 2011లో బీబీఎంపీతో ఒప్పందం రాసుకుని ఆ చెరువుని కాపాడుకున్నారు. హసిరు దళ వాళ్ళు చెత్త ఏరుకునేవాళ్ళకి బీబీఎంపీ గుర్తింపు కార్డులు ఇప్పించారు, పొడి చెత్త సెంటర్లు వాళ్ళే నడిపేలా చేశారు, నిన్నటిదాకా కుక్కలు వెంటపడి తరిమిన మనిషి ఇవాళ అదే వార్డులో సెంటర్ నడుపుతున్నాడంటే చిన్న విషయం కాదు. కానీ చెరువుకి ఎవరో ఒకరు సొంతంగా నిలబడాలి, వేరే దిక్కు లేదు. మీ పనికి ఇప్పటికే అనుభవం ఉన్నవాళ్ళున్నారు. ట్రస్టు అయితే ఇద్దరితో పెట్టొచ్చు, సొసైటీకి కనీసం ఏడుగురు కావాలి, పెట్టడం తేలికే, ఆ తర్వాత పాన్, బ్యాంకు ఖాతా, పన్ను మినహాయింపుకి 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, ఏటేటా ఆడిట్, ఇవన్నీ చేసేసరికి మీ పన్నెండు మంది శక్తి కాగితాల మీదే అయిపోతుంది. పిల్లల దగ్గర కూర్చునేది ఎవరు మరి?

డబ్బులు ఇచ్చేటప్పుడు సంస్థ ప్రభుత్వం వాళ్ళ ఎన్‌జీవోల జాబితా దర్పణ్ పోర్టల్లో ఉందా, పోయిన ఏడాది ఆడిట్ రిపోర్టు చూపిస్తారా అని అడగండి, అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, సరైన సంస్థ ఏదైనా సంతోషంగా చూపిస్తుంది. 80జీ కావాల్సినవాళ్ళు 2000 రూపాయలు దాటితే క్యాష్ ఇవ్వొద్దు, ఇచ్చిన డబ్బుకి సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, కొత్త ట్యాక్స్ పద్ధతిలో ఉన్నవాళ్ళకి ఆ మినహాయింపు రాదు, అది ముందే చెప్పేయండి మీ గ్రూపులో. అన్నిటికన్నా ముఖ్యం, ఒకసారి పెద్ద మొత్తం ఇచ్చి చేతులు దులుపుకోవడం కన్నా నెలనెలా కొంచెం ఇవ్వండి, అది కూడా జీతాలకి ఇవ్వండి. మనవాళ్ళు బల్లలు కొంటారు, బొమ్మలు కొంటారు, టీచర్ జీతం అంటే మాత్రం అది అడ్మిన్ ఖర్చు అని ముఖం తిప్పుకుంటారు. అక్క చెప్పిన క్రెష్‌లో ఆ టీచరు, ఆయానే కదా మొత్తం పని! వాళ్ళకి టైంకి జీతం అందకపోతే మూడో నెలకి గదికి తాళం పడుతుంది.

మేస్త్రీ_కొడుకు:
అన్నా, మా నాన్న సెంట్రింగ్ మేస్త్రీ, మేము అచ్చం మీరు చెప్పిన లాంటి షెడ్లోనే పెరిగినాము, బొమ్మనహళ్ళి అవతల. రేషన్‌కి దారి ఉంది. ఒన్ నేషన్ ఒన్ రేషన్ కింద ఊరి కార్డు మీద ఇక్కడి రేషన్ షాపులో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు, కేంద్రం కోటా మనిషికి 5 కిలోలు, ఫ్రీ. ఇంటిల్లిపాదిది ఒకేసారి తీసుకోనక్కర్లేదు, ఊళ్ళో అవ్వ ఉంటే ఆమె వాటా అక్కడే ఉంచి మిగతాది ఇక్కడ తీసుకోవచ్చు. ఒకటే చిక్కు, మన ఆంధ్రా కార్డుల్లో కొన్ని కేంద్రం ఆహార భద్రత చట్టం కింద ఉంటాయి, కొన్ని రాష్ట్రం సొంతంగా ఇచ్చినవి, ఇక్కడ నడిచేది మొదటి రకమే. ఎవరిది ఏ కార్డో ముందు చూసుకుని షాపుకి పంపండి, లేకపోతే కూలి వదులుకుని పోయి ఉత్త చేతుల్తో తిరిగొస్తారు, ఇంకోసారి పొమ్మన్నా పోరు. షాపతను స్టాక్ లేదంటే మీలో ఒకరు పక్కన నిలబడండి చాలు, మాట మారుతుంది. ఇది నేను బాధతో చెప్తున్నా, మా అమ్మ ఒక్కతే పోతే రేపు రా అనేవాళ్ళు.

ఇంకా లేబర్ కార్డు. కట్టడాల ఖర్చు మీద 1 శాతం సెస్ వసూలు చేసి కార్మికుల సంక్షేమ బోర్డుకి జమ చేస్తారు, ఆ డబ్బు వీళ్ళదే. 18 నుంచి 60 ఏళ్ళ లోపు వాళ్ళు, గడిచిన ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినట్టు రాత ఉంటే చాలు, ఏ రాష్ట్రం వాళ్ళైనా కర్ణాటకలో చేయించుకోవచ్చు. ఆ రాత దగ్గరే అందరూ ఆగిపోతారు, కాంట్రాక్టర్ సంతకం పెట్టడు, పెడితే తన మీదకి ఏమొస్తుందో అని భయం. అప్పుడు యూనియన్ వాళ్ళో లేబర్ ఇన్‌స్పెక్టరో ఇవ్వాలి. మీ అపార్ట్‌మెంట్లో చదువుకున్నవాళ్ళు ఇంతమంది ఉన్నారు కదా, ఆ కాంట్రాక్టర్‌తో కూర్చుని మాట్లాడి సంతకం పెట్టించగలిగితే దుప్పట్లన్నిటికన్నా అది పెద్ద సాయం. కాన్పు అయితే, పని మీద దెబ్బ తగిలితే, పిల్లల చదువుకి, అన్నిటికీ ఆ కార్డే. నా డిప్లొమా టైంలో ఆ కార్డు మీద వచ్చిన డబ్బులతోనే ఫీజు కట్టినాము. ఏజెంట్లు డబ్బులు తీసుకుని నకిలీ కార్డులు చేసిస్తారు, వాళ్ళని దగ్గరికి రానివ్వద్దు, అలాంటివి తర్వాత రద్దైపోతాయి, నిజమైన కూలీ నష్టపోతాడు.

ఇళ్ళ పనికి వచ్చే అక్కలకి ఈ కార్డు వర్తించదు, వాళ్ళకి డొమెస్టిక్ వర్కర్స్ రైట్స్ యూనియన్ ఉంది బెంగళూరులో, అది చెప్పండి. మీ గేటెడ్ కమ్యూనిటీలో వాళ్ళకి కూర్చోడానికి చోటు, టాయిలెట్ ఉందో లేదో అది కూడా చూడండి అన్నా, అది మీ చేతిలోనే ఉన్న పని, ఎవర్నీ అడగక్కర్లేదు.

హూడి_వాసి:
తమ్ముడూ, ఆ టాయిలెట్ మాట మా అసోసియేషన్ మీటింగ్‌లో ఈ వారమే పెడుతున్నాను. ట్రస్టు ఆలోచన ఆపేశాం, నెలనెలా ఇచ్చేవాళ్ళ పేర్లు రాసుకుంటున్నాం, పెద్దమ్మ చేత పిల్లల లిస్టు కూడా మొదలుపెట్టించాం, పేరు, వయసు, ఊరు, పాత స్కూలు, ఏడాదిలో ఎన్ని నెలలు ఇక్కడ ఉంటారు అని. గది కోసం లీడర్‌ని బుధవారం కలుస్తున్నాం. పంతులుగారూ, బీఈఓకి ఇచ్చే అర్జీ కన్నడలో రాయాలి, మాలో ఎవరికీ సరిగ్గా రాదు, మీరు ఒకసారి చూసి పెడతారా? హూడి, గరుడాచార్‌పాళ్య వైపు ఉన్నవాళ్ళు ఎవరైనా వస్తానంటే ఆదివారం సాయంత్రం ఐదింటికి రండి, ల్యాప్‌టాప్, చిన్న ప్రింటర్ పట్టుకుని వెళ్తున్నాం, ఆధార్ ఫోన్ నంబరు లింక్ ఉందో లేదో, రేషన్ కార్డు ఏ రకమో ఒక్కొక్కరిది చూడాలి, ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. కన్నడ వచ్చినవాళ్ళు ఉంటే మరీ మంచిది, రాయచూరు వాళ్ళతో మాట్లాడటానికి మాకు ఇంకా ఎవరూ దొరకలేదు.

పాత_పంతులు:
అర్జీ నేను రాసిస్తాను, లిస్టు పంపండి. ఆదివారం నేనే వస్తాను, రాయచూరు వాళ్ళతో మాట్లాడేది నాకు వదిలేయండి.